మెల్లగా విచ్చుకునే నాదం

యాంబియంట్ సంగీతంలో శ్రోత వెంబడించేది పాట వరసను కాక, ఒకే ధ్వని తనలో తాను మారుతూ పోయే తీరును కనుక, అక్కడ ధ్వనిని మలచడమే రచనలో ప్రధాన భాగమవుతుంది. పరిసరంలా ఆవరించి ఉండే ఈ సంగీతానికి 1978లో 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' ఆల్బమ్‌తో ఆ పేరును స్థిరపరచిన బ్రయాన్ ఈనో, మనసు పెట్టి వినేవారికీ వేరే పనిలో ఉన్నవారికీ అది సమానంగా అందాలని ఆశించాడు.

ఆయన ఇష్టంగా వాడిన డిజిటల్ సింథసైజర్ యమహా డీఎక్స్7 1983లో వెలువడింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ 1967లో కనుగొన్న ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్, అంటే ఒక తరంగపు పౌనఃపున్యాన్ని మరొక తరంగంతో అతివేగంగా హెచ్చుతగ్గులు చేసి కొత్త అనుస్వరాలను పుట్టించే పద్ధతి, దానికి ఆధారం. వినిపించే తరంగాన్ని క్యారియర్ అనీ, దాన్ని కదిపేదాన్ని మాడ్యులేటర్ అనీ అంటారు. అటువంటి తరంగ జనకాలు 6, వాటిని కలిపే అమరికలు 32 ఉన్న ఆ వాద్యంలో అన్నిటినీ చిన్న తెర మీద అంకెలుగానే సవరించవలసి రావడంతో, చాలామంది కంపెనీ ఇచ్చిన ధ్వనులతోనే సరిపెట్టుకున్నారు.

ఓపిక పట్టినవారికి మాత్రం అందులో వేరే లోకం దొరికింది. మాడ్యులేటర్ పౌనఃపున్యాన్ని క్యారియర్‌కు 1.4 రెట్లుగా పెట్టి, దాని బలం చప్పున లేచి దిగేలా ఎన్వలప్‌ను, అనగా కాలంతోపాటు ధ్వని ఎదిగి తగ్గే క్రమాన్ని, అమరిస్తే గంట మోగినట్టుంటుంది. అదే బలం 20 సెకన్లపాటు ఎక్కి అంతే నిదానంగా దిగితే, కొట్టిన చప్పుడే లేకుండా లోహపు మెరుపొకటి విచ్చుకుని ముడుచుకుంటుంది. 220, 220.5 హెర్ట్జ్‌ల స్వరాలను జత చేస్తే, తంబుర తీగలు శ్రుతిలో కలిసే ముందు వినబడేటటువంటి అల 2 సెకన్లకొకసారి లేస్తుంది.

యంత్రం చెప్పినదాన్ని చెప్పినట్టే తిరిగి వినిపిస్తుంది కాబట్టి, దానికి ప్రాణం పోయవలసిన బాధ్యత మలిచేవారిదే. ఒక పొర 17 సెకన్లకూ మరొకటి 23 సెకన్లకూ మొదటికి వచ్చేలా చేస్తే, అవి మళ్లీ ఒకేసారి మొదలవడానికి 391 సెకన్లు, అంటే ఆరున్నర నిమిషాలు పడుతుంది. ఈనో ఆ 1978 ఆల్బమ్‌లో వేర్వేరు పొడవుల టేపు చుట్టలతో అమలు చేసినది ఈ సూత్రాన్నే. ఆ ఆరున్నర నిమిషాలూ కూర్చుని వినేవారికి ప్రతి కలయికా కొత్తగా తోస్తుంది, తమ పనిలో ఉన్నవారికి గదిలోని వెలుతురు కాస్త మారినట్టుంటుంది. ఇద్దరినీ దృష్టిలో ఉంచుకుని, ఎదిగే ధ్వనిని తొందరపెట్టకుండా వదలగలగడమే ఈ విద్యలో అన్నిటికన్న కష్టమైన నేర్పు.