టస్కీగీ గాయకబృందమును తీర్చిన విలియం డాసన్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, అలబామా రాష్ట్రమున, టస్కీగీ అను చిన్న పట్టణమున్నది. బానిసత్వము చట్టరీత్యా అంతరించిన పదునారేండ్లకు, అనగా 1881లో, బుకర్ టి. వాషింగ్టన్ సారథ్యమున అచట వెలసిన విద్యాలయమున, నల్లజాతి విద్యార్థులు తమ భవనములకు వలయు ఇటుకలను తామే కోసి, తామే కాల్చి, తామే గోడలు కట్టిరి. సేద్యము, వడ్రంగము, కమ్మరము పుస్తకముల చదువుతోపాటు అభ్యసించిరి. తాతముత్తాతలు పత్తిచేలలో పాడుకొనిన భక్తిగీతములను ప్రార్థనామందిరమున విధిగా పాడవలెనని వాషింగ్టన్ పట్టుబట్టినందున, పాటయు ఆ విద్యాలయపు చదువులో భాగమయ్యెను. వృత్తివిద్యకై వచ్చిన ఆ యువతీయువకులనే చేరదీసి, ప్రపంచమంతయు చెవియొగ్గి విను గాయకబృందముగా తీర్చినవాడు విలియం లెవై డాసన్.

ఆయన 1899 సెప్టెంబరు 26వ తేదీన అలబామాలోని ఆనిస్టన్ నగరమున, ఏడుగురు సంతానములో జ్యేష్ఠుడుగా జన్మించెను. చదువుకోవలెనను కాంక్ష నాపుకొనజాలక, పదుమూడవ యేట ఇల్లు విడిచి టస్కీగీ చేరెను. చేత పైకము లేనందున పొలములో పనిచేసి చదువు వెచ్చము తీర్చుకొనుచు, బ్యాండులో ట్రాంబోను ఊదుచు, గాయకబృందములో పాడుచు, సంగీతప్రతుల భాండారమునకు కాపరియై యుండి, 1921లో విద్య ముగించెను. పిదప కాన్సాస్ సిటీలో ఉపాధ్యాయుడై యుండగనే, హార్నర్ సంగీతశాలలో చేరి 1925లో పట్టము గడించెను. ఆ పట్టప్రదానోత్సవమున ఆయన రచించిన సంగీతమును వాద్యగాండ్రు వేదికపై వాయించుచుండగా, రచయిత మాత్రము తెల్లజాతి సహాధ్యాయుల సరసన కూర్చుండు హక్కు లేక, పైనున్న బాల్కనీలో కూర్చుండి వినవలసి వచ్చెను. ఆయన తరువాత వెచ్చించిన ఏండ్లకొలది శ్రమను గ్రహింపవలెనన్న ఈ సంగతిని మరువరాదు. చికాగోలో 1927లో ఉన్నతపట్టము పొంది, అచటి సివిక్ ఆర్కెస్ట్రాలో ట్రాంబోను వాయించి, 1930 దశాబ్దపు తొలిదినములలో మాతృవిద్యాలయమునకు మరలివచ్చి, 1955 వరకు సంగీతవిభాగమును, గాయకబృందమును నడపెను.

ఆయన చేపట్టిన భక్తిగీతములు అప్పటికే లోకమునకు కొంత తెలిసినవి. 1871లో టెనెసీ రాష్ట్రమునందలి ఫిస్క్ విశ్వవిద్యాలయపు కోశాధికారి జార్జి వైట్, విద్యాలయము అప్పులపాలై మూతపడనున్న సమయమున, తొమ్మండుగురు విద్యార్థులతో గానయాత్రకు బయలుదేరి, ఈ గీతములను వేదికపై నిలిపి, వచ్చిన ధనముతో విద్యాలయమును కాపాడెను. అయితే ఒకవంక ముఖమునకు మసి పూసుకొని నల్లవారిని ఎగతాళి చేయు తెల్లవారి నాటకములు ఈ పాటలను వెక్కిరింతగా మార్చుచుండెను. మరొకవంక చర్చికీర్తనల మెరుగు పెట్టబూనినవారు వాటి లయను చదును చేసి, ప్రాణము తీయుచుండిరి. శాస్త్రీయమైన క్రమశిక్షణయంతయు జానపదగీతమున కెదురు నిలుచునదని అనేకులు తలచుదురు. డాసన్ తన జీవితమంతయు ఆ తలపును ఖండించుటకే వినియోగించెనని నా దృఢమైన నమ్మకము. గొప్ప సింఫనీకి ఎంత సాధన చేయుదురో, పేరులేని బానిస కట్టిన పాటకును అంత సాధన చేయుటయే ఆ పాటకు తగిన మర్యాద యని ఆయన బోధనలోని ప్రతి యంశమును చాటును.

ఆ సాధన యెట్టిదో చూతము. మన సంగీతమున ఎందరు పాడినను ఒక్కటే స్వరధార. రాగము ఒకే గీతగా సాగును. పాశ్చాత్యుల బృందగానమున స్త్రీల కంఠములు సోప్రానో, ఆల్టో యనియు, పురుషుల కంఠములు టెనర్, బాస్ యనియు నాలుగు శ్రేణులై, వేరువేరు స్వరములను ఏకకాలమున పలుకును. షడ్జమము, అంతరగాంధారము, పంచమము ముగ్గురు ముమ్మూలల నుండి పాడినప్పుడు, అవి ఒండొంటితో ఒరసికొనక ఒక్క నాదముగా కరగవలెను. తంబురాను చక్కగా శ్రుతి చేసినప్పుడు, మీటని గాంధారము తనంత తానుగా వినవచ్చుట మన విద్వాంసు లెరుగుదురు. ఆ సూక్ష్మమైన పొందికను నూరు కంఠములనుండి రాబట్టుట బృందనాయకుని పని. పియానో తోడు లేక పాడునప్పుడు శ్రుతి మెల్లమెల్లగా దిగజారుట సహజము గనుక, ప్రతి గాయకుడు తన గొంతు కంటె పక్కవాని గొంతును శ్రద్ధగా వినుట అలవరచుకొనవలెను. ‘ఓ’కారమును ఒకడు విశాలముగా, వేరొకడు ఇరుకుగా పలికినచో, శ్రుతి సరిగా నున్నను నాదము చీలిపోవును. దీర్ఘమైన వాక్యము నడుమ ఎవడును ఊపిరి తీయుట వినబడకుండ, వంతులవారీగా ఊపిరి పీల్చుకొను నేర్పును సాధనచేతనే పట్టువడును.

డాసన్ ప్రత్యేకత హల్లులయందు, లయయందు కాననగును. 1942లో వెలువడిన ‘ఎజీకియల్ సా ద వీల్’ అను కూర్పులో, బైబిలునందలి ఎజీకియల్ ప్రవక్త ఆకాశమున గాంచిన చక్రము తిరుగుటను చూపుటకై, దిగువ కంఠముల కాయన అర్థము లేని కొన్ని అక్షరములను కల్పించెను. అవి మృదంగమునకు చెప్పు జతులవలె ఒకదానివెంట ఒకటి దొరలుచుండగా, పైన మాటలతో కూడిన పాట సాగును. ఆ అక్షరములందలి ‘డ’కారమును అందరు ఒకే క్షణమున, ఒకే బరువుతో పలికిననే చక్రము తిరుగును, ఒక్కడు ముందైనను, ఒక్కడు వెనుకైనను ఆ భ్రమణము చెదరి, గందరగోళము మిగులును. ఇంచుమించు గుసగుసగా ఆరంభమగు 1934 నాటి ‘సూన్ ఆ విల్ బి డన్’లో నైతే, మెల్లగా పాడుటయే పరీక్ష, స్వరము తగ్గినకొలది మాట స్పష్టత తగ్గరాదు, లోని ఉద్వేగమును సడలరాదు. సన్నగా పాడించుట బిగ్గరగా పాడించుట కంటె కష్టమని బృందగానము నేర్పిన వారెవరైనను అంగీకరింతురు.

పాటలలోని పలుకుబడి విషయమునను ఆయనకు నిశ్చితమైన మతముండెను. బానిసలు ఆంగ్లమును తమ నోట మలచుకొనిన తీరును వ్యాకరణశుద్ధికై దిద్దరాదు. దానిని మొరటుగా, నవ్వు పుట్టించునట్లు ఒత్తి పలుకనురాదు. ఆ మృదువైన పలుకులలో లయ ఇమిడియున్నదనియు, వాటిని మార్చినచో పాట నడక మారుననియు ఆయన భావించెను. 1955లో ‘ఎట్యూడ్’ పత్రికలో ఈ గీతముల పాడుతీరును గూర్చి ప్రత్యేకముగా వ్యాసము వ్రాసెను. మన పల్లెపదములను వేదికనెక్కించువారు యాసను చెరిపివేయుటయో, అతిచేయుటయో జరుగుచుండగా చూచిన తెలుగువారికి ఈ మాట విలువ తెలియును.

1932 డిసెంబరులో న్యూయార్కునందలి రేడియో సిటీ మ్యూజిక్ హాలు ప్రారంభమైనప్పుడు టస్కీగీ బృందము అచట పాడెను. రెండేండ్లకు డాసన్ రచించిన ‘నీగ్రో ఫోక్ సింఫనీ’ని లియోపాల్డ్ స్టకోవ్‌స్కీ తన నిర్వహణలో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాచే తొలిసారి వాయింపించెను. 1939లో మరియన్ ఆండర్సన్ వంటి నల్లజాతి మహాగాయనికి తలుపులు మూసిన వాషింగ్టన్ నగరపు కాన్‌స్టిట్యూషన్ హాలులో, 1946లో డాసన్ తన విద్యార్థులతో పాడించెను. అచట పాడిన తొలి నల్లజాతి గాయకబృందములలో అది యొకటి. 1952లో పశ్చిమాఫ్రికాకు వెడలి, అచటి తాళములను స్వయముగా విని వచ్చి, తన సింఫనీని తిరిగి దిద్దెను. కీర్తి వచ్చిన రచనను మరల విప్పి చూచు ధైర్యము అందరికి నుండదు.

పదవినుండి విరమించిన మరుసటియేడు, 1956లో, అమెరికా ప్రభుత్వము ఆయనను స్పెయిన్ దేశపు గాయకబృందములకు శిక్షణ నిచ్చుటకై పంపెను. అటుపై 1990లో కన్నుమూయువరకు, ఆహ్వానించిన కళాశాలలకెల్ల వెడలి బృందములను నడపుచునే యుండెను. ఆయన కూర్పులు నేడు అనేక దేశముల విద్యాలయములలో వినబడుచున్నవి. వాటిని మొదటిసారి చేపట్టు బృందనాయకులు స్వరములను త్వరగనే నేర్పగలుగుదురు గాని, ‘ఎజీకియల్’లోని ఆ దిగువ కంఠముల ‘డ’కారము కుదురుటకు మాత్రము వారములు పట్టును.