పడవ వచ్చేలోపు

అండమాన్ రాజధానికి శ్రీ విజయపురం అని పేరు మారినా మనవాళ్ల నోట అది ఇంకా పోర్ట్ బ్లెయిరే. అక్కడి జంగ్లీఘాట్ రేవులో శ్రీకాకుళం యాస వినపడని పూట ఉండదు. వేట పడవల మీద, కొబ్బరి తోటల్లో పనిచేసేవాళ్లకు దెబ్బలు కొత్తేం కాదు. రక్తం కారుతుంటే పదిమంది పరుగెత్తుకొస్తారు. గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టాలి. తడిసిపోతే దాన్ని తీసి చూడకూడదు, పైన ఇంకోటి వేసి అదమాలి. ప్రథమ చికిత్స నేర్చుకునేటప్పుడు ఈ ఒక్క పని నాకు తేలిగ్గానే వచ్చింది.

నా భయమంతా చెట్టు మీంచి పడి, లేచి కూర్చుని, ‘నాకేం కాలేదు, కాసిని మంచినీళ్లియ్యండి’ అనేవాడి గురించే. కడుపులో ప్లీహం చిట్లితే పైకి గీత కూడా కనపడకపోవచ్చు. తొడ ఎముక విరిగితే చుక్క బయటికి రాకుండానే లీటరు రక్తం కండలో చేరిపోతుంది. కుర్రాళ్లలో బీపీ చాలాసేపు నిలబడే ఉంటుంది, పడిందంటే ఒక్కసారిగా పడుతుంది. దానికంటే ముందే ఒళ్లు చెబుతుంది: చల్లటి చెమట, పాలిపోయిన పెదాలు, పరుగెత్తే నాడి, అయినదానికీ కానిదానికీ విసుక్కోవడం. వేలి గోరు నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడకపోతే అనుమానించాల్సిందే. నీళ్లు మాత్రం ఇవ్వొద్దు. ఆపరేషన్‌కి మత్తిచ్చేటప్పుడు వాంతయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దాహమని బతిమాలుతున్న మనిషికి కాదనడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

దెబ్బ తగిలిన తొలి గంటకు ‘గోల్డెన్ అవర్’ అని పేరు తెచ్చింది అమెరికా సర్జన్ ఆడమ్స్ కౌలీ. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేలో పడ్డవాడికి పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆస్పత్రి సముద్రం మీద 500 కిలోమీటర్ల పైమాటే. హెలికాప్టర్ ఎగరాలంటే వాన, గాలి ఒప్పుకోవాలి. ఆ గంట కాస్తా రేవులోనే కరిగిపోతుంది. అందుకే 2010, 2011లలో వచ్చిన క్రాష్-2 పరీక్ష ఫలితాలు నాకు దీవులవాళ్ల కోసమే వచ్చాయనిపిస్తుంది. ట్రానెక్సామిక్ యాసిడ్ అనే చవక మందును మూడు గంటల్లోపు ఎక్కిస్తే రక్తస్రావంతో పోయే ప్రాణాలు కొన్ని నిలుస్తాయని 20 వేలమందికి పైగా బాధితుల మీద తేలింది. దగ్గర్లోని చిన్న ఆస్పత్రిని దాటేసి నేరుగా రేవుకు మోసుకుపోయే తొందర అందుకే నాకు నచ్చదు.

మోయడమూ ఒక విద్యే. చంకల్లో చేతులేసి ఎత్తితే, మెడ ఎముక విరిగి ఉంటే ఆ ఎత్తడంతోనే కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. ఒకరు తల కదలకుండా పట్టుకోవాలి, మిగతావాళ్లు ఆ మనిషి చెప్పిన లెక్కకే ఒళ్లంతా ఒక్కసారిగా తిప్పి బల్ల మీదికి చేర్చాలి. విరిగిన కాలిని లాగి సరిచేసే పెద్దలు ప్రతి ఊళ్లో ఉంటారు. పుత్తూరు కట్టుకు ఎంత పేరున్నా రేవు దాని చోటు కాదు. ఉన్న కాలిని ఉన్నట్టే రెండో కాలికి జతచేసి కట్టండి. ఒళ్లు చల్లబడకుండా దుప్పటి కప్పండి.

పడవ యజమానులకు ఒక్క మాట: ఐసు పెట్టెల పక్కన నాలుగు పాత లుంగీలు, రెండు వెదురు బద్దలు, మనిషి పట్టేంత బల్ల ఒకటి ఉంచండి. వేట సామానుతో పాటు వాటినీ లెక్క చూసుకుని బయల్దేరండి.