ఇంట్లో హత్య – ఇంటింటా డిటెక్టివ్

ఒక ఇంట్లో హత్య జరుగుతుంది. నెలలు గడిచినా హంతకుడెవరో తేలదు. అప్పుడు ఆ ఇంటితో ఏ సంబంధమూ లేని వేలాది మంది పరిశోధన మొదలుపెడతారు. ఆ ఇంటి ప్లాను గీస్తారు. ఏ తలుపుకి లోపల గడియ ఉందో, ఏ తలుపుకి బయట తాళం ఉందో లెక్క తేలుస్తారు. తల్లి మాట్లాడిన వీడియోని ఆపి ఆపి చూసి, ఆమె కళ్లల్లో తడి ఉందా లేదా అని వాదించుకుంటారు. ఫోను చేతిలో ఉన్న ప్రతివాళ్లూ డిటెక్టివ్‌లే.

ఇది వినోదమా, న్యాయం కోసం ఆరాటమా, ఇతరుల పడకగదుల మీద మోజా? మనం, అంటే స్త్రీల రచనలు చదివేవాళ్లం, రాసేవాళ్లం, ఈ ప్రశ్న వేసుకోవాలని నాకనిపిస్తోంది. ఎందుకంటే ఈ ఊహలు ఎక్కడ మొదలైనా చివరికి ఒక స్త్రీ దగ్గరికే వచ్చి ఆగుతున్నాయి. చనిపోయిన అమ్మాయి శీలం దగ్గర, లేకపోతే ఏడవని తల్లి దగ్గర.

ఇది ఇవాళ పుట్టిన జబ్బు కాదు. 1860లో ఇంగ్లండులోని రోడ్ హిల్ హౌస్ అనే ఇంట్లో మూడేళ్ల పిల్లవాడిని చంపేశారు. దేశం నలుమూలల నుంచి జనం పత్రికలకీ పోలీసులకీ తమ తమ సిద్ధాంతాలు ఉత్తరాలుగా రాసి పంపారు. తండ్రికీ దాదికీ సంబంధం ఉందన్నది వాటిల్లో బాగా ప్రచారమైన ఊహ. ఐదేళ్ల తర్వాత ఆ పిల్లవాడి సవతి అక్క నేరం ఒప్పుకుంది. ఆ దాది మీద పడ్డ మచ్చకి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ కేసు నుంచే విల్కీ కాలిన్స్ తన ‘మూన్‌స్టోన్’ నవలకి (1868) కొంత సరుకు తీసుకున్నాడు. మన దగ్గర కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు అద్దె పుస్తకాల షాపుల ద్వారా ఇంటింటికీ వచ్చారు. దిండు కింద పెట్టుకుని చదివిన ఆడవాళ్లు ఎంతోమంది.

డిటెక్టివ్ నవల పాఠకురాలికి ఒక హామీ ఇస్తుంది. ప్రతి చిన్న వివరానికీ అర్థం ఉంటుందనీ, చివరి అధ్యాయంలో అన్నీ కలుస్తాయనీ. నిజమైన ఇళ్లు అలా ఉండవు. నిజమైన ఇంట్లో సగం తాగి వదిలేసిన గ్లాసు ఉంటుంది, తీసి ఉన్న కిటికీ ఉంటుంది, అబద్ధం చెప్పిన అత్తగారు ఉంటుంది. వాటిలో చాలావాటికి హత్యతో ఏ సంబంధమూ ఉండదు. కానీ నవలకి అలవాటుపడ్డ చూపు దేన్నీ ఊరికే వదలదు. అర్థంకాని ప్రతి వివరమూ దానికి నేరమై కనిపిస్తుంది.

అయినా ఈ ఆసక్తిని ఒక్కమాటతో కొట్టిపారేయలేను. మా సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడికి తలుపులు మూయరు. అమ్మవారు రాత్రీ పగలూ అందరికీ కనబడుతుంది. ఆ అమ్మవారికి మొక్కే ఆడవాళ్లే ఇంటికెళ్లి పై గడియా, కింది గడియా పెట్టి, ఒకటికి రెండుసార్లు లాగి చూసుకుని పడుకుంటారు. భర్తలు శ్రీహరికోటలో రాత్రి డ్యూటీలకి వెళ్లేవాళ్లు, చెన్నై రైల్లో పనికి వెళ్లి చీకటిపడ్డాక తిరిగొచ్చే అమ్మాయిలు హత్యల గురించి మాట్లాడుకోవడం నేను వింటూనే ఉంటాను. ఒకామె నాతో అన్నది, “లోపల గొళ్లెం ఏసుకోని పడుకున్న బిడ్డనే చంపేస్తే, ఇంక మనం యాడ పడుకోవాలక్కా?” ఈ ప్రశ్నలో కుతూహలం కంటే భయం ఎక్కువ. హంతకుడు లోపలికి ఎలా వచ్చాడన్న లెక్క ఆమెకి తన ఇంటి లెక్క.

గుసగుసలని ఆడవాళ్ల చెడ్డ అలవాటుగా చెప్పడం పితృస్వామ్యానికి సౌకర్యం. ఏ ఇంట్లో ఏ కోడలికి దెబ్బలు పడుతున్నాయో, ఏ మామయ్య దగ్గరికి పిల్లని ఒంటరిగా పంపకూడదో కుళాయి దగ్గర ఆడవాళ్ల మాటల్లోనే తెలిసేది. పోలీసు రికార్డుకి ఎక్కని జ్ఞానం అది. అందుకే నా అభ్యంతరం మాట్లాడుకోవడం మీద కాదు. ఆ మాటలు ఎవరిని కాపాడుతున్నాయి, ఎవరిని బలి చేస్తున్నాయి అన్నదే నా ప్రశ్న.

నోయిడాలో ఆరుషి కేసు చూద్దాం. 2008 మే 16న, పద్నాలుగేళ్లు నిండడానికి కొద్దిరోజుల ముందు, ఆ అమ్మాయి తన గదిలో హత్యకి గురై కనిపించింది. ఇంట్లో పనిచేసే హేమరాజ్ కనబడలేదు కాబట్టి అతనే హంతకుడన్నారు. మర్నాడు అదే ఇంటి డాబా మీద అతని శవం దొరికింది. వారం తిరక్కుండానే ఒక పెద్ద పోలీసు అధికారి విలేకరుల ముందు కూర్చుని, ఆ పిల్లకీ పనివాడికీ సంబంధం అంటగట్టాడు. ఆ ఒక్కమాటతో దేశమంతటికీ అనుమతి దొరికినట్టయింది. చనిపోయిన పిల్ల మెయిళ్లు, సందేశాలు వీధిన పడ్డాయి. 2013లో తల్లిదండ్రులకి యావజ్జీవం పడింది. 2017 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు వాళ్లని నిర్దోషులుగా వదిలేసింది. ఈ తొమ్మిదేళ్లలో వచ్చిన ఊహలన్నిటినీ తిప్పింది ఒక్క ప్రశ్నే: ఆ గదిలో ఆ పిల్ల ఏం చేస్తోంది? ఆమె హతురాలన్న సంగతే వెనక్కి పోయింది. ఇక హేమరాజ్ సంగతి. చనిపోయింది ఇద్దరైతే మనం ‘ఆరుషి కేసు’ అనే అంటాం. నేపాల్ నుంచి బతకడానికొచ్చిన మనిషికి మొదట హంతకుడి పాత్ర, తర్వాత ప్రియుడి పాత్ర ఇచ్చారు. హతుడిగా అతనికి దక్కిన చోటు చాలా తక్కువ.

ఆ తల్లి నూపుర్ టీవీలో ఏడవలేదని ఎంత చర్చ జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. 1980లో ఆస్ట్రేలియాలో లిండీ చాంబర్లేన్‌కి జరిగింది కూడా ఇదే. తొమ్మిది వారాల పసిపాపని డింగో అనే అడవికుక్క ఎత్తుకుపోయిందని ఆమె చెబితే చాలామంది నమ్మలేదు. టీవీలో నిబ్బరంగా మాట్లాడింది. పాప పేరుకి ‘అడవిలో బలి’ అని అర్థమంటూ ఎవరో పుట్టించిన అబద్ధం దేశమంతా పాకింది. 1982లో యావజ్జీవం వేశారు. పాప తొడుక్కున్న పైచొక్కా 1986లో దొరికాక విడిచిపెట్టారు, 1988లో శిక్ష కొట్టేశారు. డింగో వల్లే చనిపోయిందని అధికారికంగా రాసింది 2012లో. ముప్పై రెండేళ్లు! తల్లి దుఃఖానికి మనం ఒక కొలత పెట్టుకున్నాం. మరీ ఎక్కువ ఏడిస్తే నటన, తక్కువ ఏడిస్తే నేరం. తండ్రి గంభీరంగా ఉంటే మాత్రం నిగ్రహమంటాం. అమ్మతనం గురించి మన కథలూ సినిమాలూ నేర్పిన కొలత ఇది. దీన్ని ఇన్నేళ్లుగా సాహిత్యంలో ప్రశ్నిస్తూ వచ్చిన మనం హత్యవార్త దగ్గర ఎందుకు మరిచిపోతాం?

ఇప్పుడు మన కేసు. 2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో, తెనాలి నుంచి ఫార్మసీ చదవడానికి వచ్చిన ఆయేషా మీరా హత్యకి గురైంది. చదువుకునే ఆడపిల్లకి హాస్టలే ఇల్లు. ప్రేమని కాదన్నందుకు చంపానంటూ ఒక ఉత్తరం దొరికింది. ఆ ఉత్తరాన్ని నిజమని నమ్మి ఆ పిల్ల స్నేహాల గురించి మాట్లాడినవాళ్లూ ఉన్నారు. 2008 ఆగస్టులో పోలీసులు సత్యంబాబు అనే దళిత యువకుడిని పట్టుకున్నారు. కాళ్లు పడిపోయే నరాల జబ్బుతో బాధపడ్డ మనిషి. 2010లో కోర్టు శిక్ష వేసింది. అతను హంతకుడు కాదని ఆయేషా తల్లి మొదటినుంచీ చెబుతూనే ఉంది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. ఎనిమిదేళ్లకి పైగా జైలు జీవితానికి లక్ష! 2018లో కేసు సి.బి.ఐ.కి వెళ్లేసరికి కోర్టులో ఉండవలసిన సాక్ష్యాధారాలు ధ్వంసమైపోయి ఉన్నాయి. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి మళ్లీ పోస్టుమార్టం చేశారు. 2017 తీర్పు తర్వాత ఏ కోర్టూ ఎవరినీ దోషిగా తేల్చలేదు.

ఈ కేసులో పోలీసుల కథని జనం నమ్మకపోవడమే సరైంది. హాస్టల్ నిండా అమ్మాయిలుంటే ఎవరికీ ఏ చప్పుడూ ఎందుకు వినపడలేదు, ఆ జబ్బుమనిషి గోడెలా దూకాడు అని అడిగినవాళ్లకి డిగ్రీలు లేవు. అయినా వాళ్ల ప్రశ్నలు న్యాయమైనవి. కానీ అదే జనం అక్కడితో ఆగలేదు. అతను కాకపోతే మరి ఫలానావాళ్లు అంటూ పేర్లు చెప్పడం మొదలైంది. కొన్ని పేర్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. రాజ్యాన్ని సంజాయిషీ అడగడం ఒకటి, మనమే తీర్పు చెప్పడం ఇంకొకటి. మొదటిది సత్యంబాబుకి అండగా నిలబడింది. రెండోది ఇంకో సత్యంబాబుని తయారుచేయగలదు.

అసలు ఏ హత్యలకి ఈ పరిశోధకులు దొరుకుతారో గమనించండి. ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 2023లో ప్రపంచంలో హత్యకి గురైన సుమారు 85,000 మంది స్త్రీలలో, బాలికలలో 51,100 మందిని చంపింది భర్తలు, సహచరులు, కుటుంబ సభ్యులే. అంటే రోజుకి 140 మంది. వీళ్ల కోసం ఎవరూ ఇంటి ప్లాను గీయరు. మన జిల్లా పేజీల్లో ‘కడుపునొప్పి తాళలేక వివాహిత ఆత్మహత్య’ అన్న వాక్యాన్ని ఎన్ని వందలసార్లు చదివి ఉంటాం? ‘స్టవ్ పేలి’ అన్న వాక్యాన్ని? అనుమానించవలసిన వాక్యాలంటే అవీ. పెళ్లయిన ఏడేళ్లలోపు అనుమానాస్పదంగా చనిపోతే, కట్నం వేధింపులు రుజువైతే భర్తా అత్తమామలూ జవాబు చెప్పుకోవాలని 1986లో చట్టం వచ్చిందంటే, ఆడవాళ్లు ఆ ‘స్టవ్’ కథలని నమ్మడం మానేసి రోడ్డెక్కినందువల్లే.

ఇక్కడే మన ఉద్యమాల్లో ఉన్న ఇంకో అలవాటు గుర్తొస్తుంది – నిజనిర్ధారణ. 1978లో రమీజాబీ మీద పోలీసుల అత్యాచారం, ఆమె భర్త మరణం తర్వాత, ఆ కాలంలోనే పుట్టిన స్త్రీశక్తి సంఘటన వరకట్న చావుల మీద కూడా పనిచేసింది. ఆ తర్వాత ఎన్నో మహిళా సంఘాలు, పౌరహక్కుల సంఘాలు ఊళ్లకి వెళ్లాయి. వాళ్లూ పోలీసులు కారు, వాళ్లూ అనుమానించారు. కానీ ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడ్డారు. తల్లితో నేలమీద కూర్చుని ఆమె ఎంతవరకు చెప్పదలుచుకుంటే అంతవరకు విన్నారు. పక్కింటివాళ్లని, డాక్టర్ని, ఎస్సైని అడిగారు. తెలియనిది తెలియలేదనే రాశారు. నివేదిక కింద తమ పేర్లు పెట్టారు. తప్పయితే వచ్చి నిలదీయడానికి ఒక చిరునామా ఉంది. ఇంట్లో కూర్చుని హంతకుణ్ణి తేల్చేవాళ్లకి లేనిది ఈ బాధ్యతే. నిజనిర్ధారణకి వెళ్లినవాళ్లు ఆ తల్లికి మళ్లీ మొహం చూపించాలి. వీళ్లకి రేపటికి ఇంకో కేసు దొరుకుతుంది.

నిజనిర్ధారణ నివేదికలు ఇప్పుడు తగ్గిపోయాయి. వెళ్లేవాళ్లు తక్కువ, ప్రచురించే పత్రికలు తక్కువ. ఆ ఖాళీలోకే ఊహల వ్యాపారం వచ్చింది. కాబట్టి జనాన్ని నోరుమూసుకోమంటే సరిపోదు. కథలు రాసేవాళ్లం, పాఠాలు చెప్పేవాళ్లం చేయగలిగింది కొంత ఉంది. మా విద్యార్థినులతో నేను జిల్లా పేజీల్లోని ఆ ‘కడుపునొప్పి’ వార్తలని కత్తిరించి చదివిస్తున్నాను. ఈ వాక్యంలో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి మాట లేదు, ఎవరిని అడగకుండా రాశారు అని అడుగుతున్నాను. చనిపోయినామె ఎలాంటిదన్న ప్రశ్న మా తరగతిలో వేయకూడదు. ఆమెకి ఏం జరిగిందన్నదే అడగాలి. ఈ రెండు ప్రశ్నలకీ తేడా పట్టుకోవడానికి పిల్లలకి రెండు మూడు వారాలు పడుతోంది.