పటం విప్పితేనే కథ

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు వేసే పటం గోడకు వేలాడదీయడానికి పుట్టింది కాదు. ఊరి నడుమ జనం ముందు ఒక్కో పట్టీ విప్పుతూ కథ చెప్పడానికి పుట్టింది. ఆ సంగతి తెలిస్తేనే దాని తయారీలోని మెలకువలు బోధపడతాయి.

ముందు ఖద్దరు గుడ్డకు గంజి పెడతారు. ఆపైన సుద్దమట్టి, ఉడికించి నూరిన చింతగింజల అంబలి, బంకనీళ్లు కలిపి పూత మీద పూత వేస్తారు. ఒకటి ఆరాకే మరొకటి. పటం వెడల్పు 3 అడుగులైతే పొడవు 40, ఒక్కోసారి 60 అడుగులు కూడా ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి చుట్టాలి, విప్పాలి. ఉత్త సుద్దయితే పెళ్లలుగా రాలిపోతుంది. చింతగింజల జిగురే దాన్ని గుడ్డకు అంటిపెట్టి ఉంచుతుంది.

ఉడత వెంట్రుకల కుంచెతో బొమ్మ గీసి, వెనకంతా ఎరుపు నింపుతారు. పూర్వం ఎరుపుకు ఇంగిలీకం, తెలుపుకు శంఖం పొడి, నలుపుకు దీపం మసి, నీలానికి నీలిమందు. ఇప్పుడు చాలావరకు అంగడి రంగులే. నీడలు, దూరాలు చూపించే ప్రయత్నం ఉండదు. ఎర్రని నేల మీద నిండుగా నిలబడ్డ మనుషులను వెనక వరుసలో కూర్చున్నవాళ్లు కూడా పోల్చుకోవాలి కదా! కథలోని రాజులూ రాణులూ తెలంగాణ పల్లె కట్టూబొట్టుతోనే కనిపిస్తారు. నాకు ఈ పటాల్లో అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

పటం వేసేవారు ఒకరు, చెప్పేవారు ఇంకొకరు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులివారు. ముదిరాజులకు పాండవుల కథ చెప్పేది కాకిపడగలవారు. గొల్లలకు కాటమరాజు కథ మందహెచ్చులవారిది, మాదిగలకు జాంబపురాణం డక్కలివారిది. ఏ ఊళ్లు ఎవరివో మిరాశీగా, అంటే వంశపారంపర్య హక్కుగా, పంచుకున్నారు. పెద్ద గ్రంథాల్లో చోటు దొరకని కులాలు తమ పుట్టుకనూ గౌరవాన్నీ ఈ పటాల్లో దాచుకున్నాయి. పాతబడిన పటాన్ని పారేయరు. పూజ చేసి నదిలో కలుపుతారు.

సినిమా, టీవీ వచ్చాక కథకు పిలిచేవారు తగ్గారు. నకాషీలు చిన్న పటాలకూ, కొబ్బరిచిప్ప మీద రంపపుపొట్టు, చింతగింజల ముద్ద అద్ది చేసే ముఖాలకూ మళ్లారు. భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు వచ్చింది, శిక్షణలు నడుస్తున్నాయి. బొమ్మ బతికింది. అందుకు ఆ కుటుంబాల పట్టుదలకు దండం పెట్టాలి. కాని కథకుడికి అలాంటి ఆసరా దొరకలేదు. వారసత్వం పేరిట మనం చేస్తున్న పనిలో పెద్ద లోటు ఇదేనని నా అభిప్రాయం.

చేర్యాల పటం కొనేవారు అందులో ఎవరి కథ ఉందో అడగండి. మీ ఊళ్లో కులదేవత పండుగ జరిగితే పటం కథ చెప్పేవారిని పిలిపించండి, తగిన సంభావన ఇవ్వండి. వారు ఒప్పుకుంటే ఆ కథను మొదటినుంచి చివరిదాకా రికార్డు చేసి, ఒక ప్రతి వారికే ఇవ్వండి.