మడత విప్పే పనితనం

బ్రిటన్‌లో కారవాన్ క్లబ్ సైటులోకి నడుమెత్తు పెట్టెను లాక్కుంటూ ఓ చిన్న కారు వచ్చిందంటే, పెద్ద కారవాన్ల వాళ్లు కుర్చీలు ఇటు తిప్పుకుంటారు. కాసేపట్లో ఆ పెట్టెలోంచి ఇల్లు లేస్తుంది మరి!

ఆ పెట్టెనే ఫోల్డింగ్ క్యాంపర్ అంటారు. దాన్ని నిలబెట్టడంలో నేర్పంతా వరసలోనే ఉంది. పక్కవాళ్లకు ఆరు మీటర్ల ఎడం చూసుకోవాలి. పల్లంగా ఉన్న చక్రం కింద దిమ్మె పెట్టి, రసమట్టంతో అడ్డంగా సమం చేశాకే కారు నుంచి విప్పాలి. ముందువెనకల వాలును జాకీ చక్రం సరిచేస్తుంది. మూలల కాళ్లు ఆ తర్వాతే. అవి కదలకుండా పట్టి ఉంచడానికే. వాటితో బరువెత్తితే ఛాసిస్ మీద ఒత్తిడి పడుతుంది. ఇక రెండు వైపులా పడక బల్లలు లాగి, కడ్డీలు నిలిపితే కాన్వాస్ బిగుస్తుంది. ఆనింగ్‌కు, అంటే తలుపు ముందు వేసే గుడ్డ పందిరికి, మేకులు కొట్టేముందు తలుపు జిప్పులు మూస్తారు, చేయి తిరిగినవాళ్లు.

1901లో సైకిళ్ల మీద గుడారాలు మోసుకెళ్లినవాళ్లు పెట్టిన సంఘమే నేటి క్యాంపింగ్ అండ్ కారవానింగ్ క్లబ్. ఆ గుడారానికీ నేటి కారవాన్‌కూ మధ్య పుట్టిన బిడ్డ ఈ ఫోల్డింగ్ క్యాంపర్.

నన్నడిగితే అసలు విద్య మడవడంలో ఉంది. మూత కింద గుడ్డ అంచు చిక్కకుండా లోపలికి తోస్తూ దించాలి. వానలో తడిగా మడిస్తే (అక్కడ వానకేం కొదవ!) ఇంటికెళ్లగానే మళ్లీ విప్పి ఆరబెట్టాలి, లేదంటే బూజే. మూత పడ్డాక మాత్రం గాలి తాకిడి తక్కువ, అద్దంలో వెనక దారి కనిపిస్తుంది, చాలా ఇళ్ల గ్యారేజీల్లో పట్టేస్తుంది కూడా.