కొమోడో ఉడుము, ఫ్యునేరియా నాచు: పోలిక పట్టికపై ఒక విమర్శ

జీవశాస్త్ర తరగతులలో పోలిక పట్టిక లేని పాఠం అరుదు. నల్లబల్లపై నిలువుగా ఒక గీత. ఎడమ ప్రక్క ఒక జీవి, కుడి ప్రక్క మరొకటి. కొమోడో ఉడుమును, ఫ్యునేరియా అనే నాచుమొక్కను అట్లు ఎదురెదురుగా నిలిపినచో పట్టిక సులభంగానే నిండును. ఒకటి సుమారు 3 మీటర్ల వరకు పెరుగును. రెండవదాని ఆకులున్న భాగం రెండు మూడు సెంటీమీటర్లకు మించదు. ఒకటి అరుదు, మరొకటి సర్వసాధారణం. ఇంతవరకు తప్పు లేదు. పైన "ఉన్నతజీవి", "నిమ్నజీవి" అనే శీర్షికలు చేరినప్పుడే చిక్కు మొదలగును.

ఉన్నతమనగా బలమే అయినచో, ఇండొనేషియాలోని కొమోడో, రింకా, ఫ్లోరెస్ మొదలైన కొద్ది దీవులలో తప్ప ఈ ఉడుము అడవులలో మరెక్కడా ఏల కానరాదు? నాచు మాత్రం కాలిన నేలపైనా, తడిసిన గోడలపైనా ప్రపంచమంతటా మొలచుచున్నది.

సమాధానంలో కొంత భాగం సంతానవ్యాప్తిలో కలదు. నాచు పురుషబీజకణం నీటిలో ఈదినగాని స్త్రీబీజకణాన్ని చేరలేదు. అందుచేత దీనిని వృక్షరాజ్యపు ఉభయచరమని పాఠాలలో చెప్పుదురు. మాట చక్కనిదే గాని సగమే నిజం. ఫలదీకరణం తరువాత లేచే కాడ చివర ఒక గుళిక ఉండును. గాలిలోని తేమను బట్టి ఆ కాడ మెలిపడును, విడివడును. జాతి పేరులోని "హైగ్రోమెట్రికా" ఆ గుణాన్నే తెలుపును. పొడిగాలిలో గుళిక దంతాలు వెలుపలికి వంగగా సిద్ధబీజాలు ధూళివలె ఎగిరిపోవును. ఉడుము గుడ్డు తనకు కావలసిన తేమను పెంకులోనే దాచుకొన్నది. అదీ గొప్ప ఏర్పాటే. కాని అది పెట్టిన గోతిలోనే పొదగబడవలెను.

పట్టికలో ఎవరూ వ్రాయని సామ్యం ఇంకొకటి కలదు. మగదాని తోడు లేకనే ఆడ ఉడుము సంతానం పొందగలదని ఇంగ్లండులోని చెస్టర్, లండన్ జంతుప్రదర్శనశాలల పరిశీలనల వలన 2006లో వెల్లడి అయినది. అట్లు పుట్టినవి మగవే అగును. ఆడ ఉడుములో జడ్, డబ్ల్యు అను రెండు లింగక్రోమోసోములు ఉండును. వాటిలో ఒకటే రెట్టింపైనచో, రెండు జడ్‌లు గల పిండమే బ్రతికి మగదగును. నాచులోనూ పచ్చని తంతువు తునిగినచో ఆ ముక్కలు కొత్త మొక్కలకు దారితీయును. సంయోగం లేని ఉత్పత్తిని నాచు వరుసలో నిమ్నలక్షణమని వ్రాసిన ఉపాధ్యాయుడు ఉడుము వరుసలో ఏమని వ్రాయవలెను?

అరుదగుటకు శరీరనిర్మాణాన్ని తప్పుపట్టుట మరింత అన్యాయం. మనుష్యులు అడవులను నరుకుచున్నారు, ఉడుము ఆహారమైన జింకలను వేటాడుచున్నారు. 2021లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య దీనిని అంతరించే ప్రమాదమున్న జీవుల వర్గంలోనికి మార్చినది; వేడిమి, సముద్రమట్టం పెరుగుట వలన దీనికి తగిన నివాసం రాబోవు 45 ఏండ్లలో కనీసం 30 శాతం తగ్గునని అప్పుడే అంచనా వేసినది.