దర్జీ కొట్టులోంచి దారి

ముందుమాట కోసం నా గుమ్మం ఎక్కేవాళ్లు సాధారణంగా ఏదో గొప్ప సినిమా మీద రాసిన పుస్తకమే పట్టుకొస్తారు. ఎడిటింగ్ రూములో పనిచేసే నా శిష్యురాలు మాత్రం ‘టు ట్రాప్ ఎ స్పై’ మీద రాసి తెచ్చింది. “అదేం సినిమా అమ్మా, సగం టీవీలో వచ్చిందేగా!” అన్నాను. “రాసింది ఆ సగం సంగతే మాస్టారూ” అంది. రాతప్రతి పూర్తిచేసేసరికి నా మాట నేనే వెనక్కి తీసుకున్నాను.

కథ చిన్నది. 1963 చివర్లో ఎం.జి.ఎం.లో నిర్మాత నార్మన్ ఫెల్టన్ ఒక గూఢచారి సీరియల్‌కు పైలట్ రంగుల్లో తీయించాడు. హీరో నెపోలియన్ సోలో. ఆ పేరు పెట్టింది బాండ్‌ను సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్. 1964 సెప్టెంబరు 22న ఎన్.బి.సి.లో ‘ది మ్యాన్ ఫ్రమ్ అంకుల్’ మొదలైనప్పుడు ఆ పైలట్టే కురచై, రంగు పోగొట్టుకుని తొలి ఎపిసోడ్‌గా ప్రసారమైంది. బాండ్ సినిమాలకు జనం ఎగబడుతున్న రోజులవి. స్టూడియోవాళ్లు ఊరుకుంటారా? నటి లూచియానా పలుజ్జితో కాస్త ఘాటైన సీన్లు కొత్తగా తీసి, పైలట్‌కు అతికించి, గంటన్నర ‘టు ట్రాప్ ఎ స్పై’ చేసి ముందు విదేశాలకు పంపారు. అమెరికా హాళ్లలో అది 1966లో ‘ది స్పై విత్ మై ఫేస్’తో జంటగా ఆడింది.

ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. ఈ అమ్మాయి అతుకుల దగ్గర ఆగింది. టీవీలో శత్రు ముఠాకు థ్రష్ అని పిట్ట పేరు ఉంటే, సినిమాలో వాస్ప్ అని కందిరీగ పేరు ఎలా వచ్చిందో చూసింది. సినిమా కోసం తీసిన పలుజ్జి సీన్లు తర్వాత ‘ది ఫోర్ స్టెప్స్ అఫైర్’ అనే ఎపిసోడ్‌లోకి చేరి, పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలా టీవీకే తిరిగొచ్చిన వైనం విప్పింది. సోలో పనిచేసే అంకుల్ సంస్థకు రహస్య ద్వారం న్యూయార్కులోని ఒక దర్జీ కొట్టు. బట్టలు వేసి చూసుకునే గదిలో కొక్కెం తిప్పితే గోడ తెరుచుకుంటుంది. ఈ పుస్తకమూ ఆ కొట్టులోంచే లోపలికి వెళ్లింది.

నన్ను కదిలించిన అధ్యాయం విల్ కులువా మీద రాసినది. పైలట్‌లో సంస్థ అధిపతి ఆలిసన్ ఆయనే. సీరియల్ మొదలయ్యేనాటికి ఆయన్ని తప్పించి, వేవర్లీ పాత్రలో లియో జి. కారల్‌ను కూర్చోబెట్టారు. తొలి ఎపిసోడ్‌లోనూ కులువా సీన్లు తీసేసి కారల్‌తో మళ్లీ తీశారు. సినిమాలో మాత్రం కులువా కులువాగానే మిగిలాడు. తర్వాత అమ్మాయిల గుండెల్లో గుబులు రేపిన డేవిడ్ మెకాలమ్ ఇందులో ఇలా కనిపించి అలా వెళ్లిపోతాడు. టీవీ వదిలేసిన రంగూ, వద్దనుకున్న మనిషీ, ఇంకా తార కాని నటుడూ ఈ నాసిరకమనుకున్న సినిమాలోనే భద్రంగా ఉన్నారు. గొప్ప సినిమాలకు కాపలాదారులు చాలామంది. ఇలాంటివాటికి ఇలాంటి పిల్లలే దిక్కు.

పెద్దవాణ్ణి కనుక నీకో మందలింపు, అమ్మా. ప్యాట్ క్రౌలీ వేసిన గృహిణి పాత్రకు రెండు పేరాలతో సరిపెట్టావు. విలన్ వల్కన్ ఆమెకు కాలేజీ రోజుల స్నేహితుడు. అందుకే సోలో ఆమెను పనిలోకి దించుతాడు. ప్రాణాపాయం దాటి ఆమె మళ్లీ ఇంటికి, పిల్లల దగ్గరికి చేరుతుంది. ఏ సంబంధమూ లేని మామూలు మనిషిని గూఢచారుల గొడవలోకి లాగడం ఆ సీరియల్‌కు ఆనవాయితీ అయింది ఇక్కడి నుంచే. మలి ముద్రణలో ఆమెకు ఒక అధ్యాయం రాసి తీరాలి.

ఆ సినిమా అమెరికాలో ఆడిన 1966లోనే మన హాళ్లలో కృష్ణ ‘గూఢచారి 116’ ఆడింది. ఈలలు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. తెర మీద తుపాకీ పట్టినవాణ్ణి చూశాను కానీ, తెర వెనక కత్తెర పట్టినవాడు ఒకడుంటాడని తోచలేదు. ఈ వయసులో ఆ చూపు నేర్పింది నా శిష్యురాలు. అందుకు ఆశీస్సులతో పాటు కృతజ్ఞతలు కూడా.

‘ది మ్యాన్ ఫ్రమ్ అంకుల్’ సీరియల్‌లోంచి వచ్చిన సినిమాలు మొత్తం ఎనిమిది. నువ్వు రాసింది వాటిలో ఒక్కదాని గురించే. అమ్మా, కత్తెర అప్పుడే పక్కన పెట్టకు.